ఆన్‌లైన్ సర్వేలలో ప్రశ్నా సమూహాల యాదృచ్ఛిక క్రమం: కుసుమంచి మండలానికి ఒక నమూనా ప్రణాళిక

పరిచయం

క్షేత్ర ప్రయోగంలో ఏ మడికి ఏ ఎరువు మోతాదు అందాలన్నది శాస్త్రవేత్త తన ఇష్టానుసారం నిర్ణయించడు. చీటీలు తీసి గాని, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి గాని నిర్ణయిస్తాడు. కాలువ పక్క మడిలో తేమ ఎక్కువగా, గట్టు పక్క మడిలో సారం తక్కువగా ఉండవచ్చు. ఆ వ్యత్యాసం ఒకే మోతాదుకు మేలుగానో కీడుగానో మారకూడదన్నదే ఇందులోని ఉద్దేశం. 1919లో రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి పునాది వేసి, 1935లో వెలువరించిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ గ్రంథంలో విపులీకరించాడు.

మడుల విషయంలో ఇంత జాగ్రత్త పాటించినా, రైతుల అభిప్రాయ సేకరణలో ప్రశ్నావళి తరచుగా అందరికీ ఒకే క్రమంలో అందుతుంది. ప్రశ్నావళిలో కూడా కాలువ పక్క స్థానం, గట్టు పక్క స్థానం ఉంటాయి. వాటి ప్రభావాన్ని సరిచూసే మార్గాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

క్రమం సమాధానాన్ని మార్చే తీరు

మొదటిది ముందు ప్రశ్న ప్రభావం. 1948లో అమెరికాలో హైమన్, షీట్స్‌లీ జరిపిన సర్వే దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి అనుమతించాలా అన్న ప్రశ్నను ముందుగా అడిగినప్పుడు సుమారు 37 శాతం మంది అవునన్నారు. అమెరికా విలేకరులను కమ్యూనిస్టు దేశాలు అనుమతించాలా అన్న ప్రశ్న తరువాత అదే అడిగినప్పుడు ఆ సంఖ్య 73 శాతానికి చేరింది. ప్రశ్నలోని మాటలు మారలేదు, దాని స్థానం మాత్రమే మారింది.

రెండవది అలసట. దీర్ఘమైన ప్రశ్నావళి చివరి భాగంలో ‘తెలియదు’ అన్న జవాబులు, వరుసగా ఒకే అంకెను ఎంచుకోవడం పెరుగుతాయి. మూడవది ఐచ్ఛికాల స్థానం. కంటితో చదివేవారు జాబితాలో మొదటివాటి వైపు, చెవితో వినేవారు చివరివాటి వైపు మొగ్గే అవకాశం ఉంది. కనుక వాట్సాప్‌లో లింకు అందుకొని తానే చదువుకొనే రైతుకు, ట్యాబ్‌లో చూసి చదివి వినిపించగా జవాబు చెప్పే రైతుకు ఎదురయ్యే పక్షపాతం ఒకటి కాదు.

కుసుమంచి నమూనా

ఖమ్మం జిల్లా కుసుమంచి మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువపై నిర్మించిన పాలేరు జలాశయం ఉంది. వరి, పత్తి, మిరప ఇక్కడి ప్రధాన పంటలు. మిరప రైతులకు ఖమ్మం మార్కెట్ దగ్గరలోనే ఉంది. ఇటువంటి మండలంలో 10 గ్రామాల నుండి గ్రామానికి 12 మంది చొప్పున 120 మంది రైతుల సమస్యలను తెలుసుకోవాలనుకుందాం. ప్రశ్నలు ఆరు సమూహాలుగా ఉంటాయి: అ) సాగునీరు, ఆ) విత్తనాలు, ఎరువులు, ఇ) చీడపీడలు, ఈ) కూలీలు, యంత్రాలు, ఉ) రుణం, బీమా, ఊ) మార్కెటింగ్. చివర రైతు ఈ ఆరింటికీ ప్రాధాన్య క్రమం ఇస్తాడు. దాని నుండి విస్తరణ అధ్యయనాలలో వాడుకలో ఉన్న గారెట్ ర్యాంకింగ్ లెక్కిస్తారు.

ఈ ఆరు సమూహాలూ అందరికీ ఇదే వరుసలో వచ్చాయనుకుందాం. ప్రాధాన్యం చెప్పే ముందు క్షణం వరకు రైతు ధరలు, కమీషన్లు, తూకాల గురించే మాట్లాడుతూ ఉంటాడు. మార్కెటింగ్‌కు మొదటి ర్యాంకు వస్తే అది రైతు బాధా, లేక ప్రశ్నావళి చివరి పేజీయా అని తేల్చే ఆధారం ఉండదు. 2021-22లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ప్రస్తావన ఆ స్థానంలో ఉండి ఉంటే చీడపీడలకే పై ర్యాంకు వచ్చేదేమో. శిక్షణ కార్యక్రమాలు, ప్రదర్శన క్షేత్రాల ఎంపిక ఆ ర్యాంకులపైనే ఆధారపడతాయి గనుక ఈ సందేహాన్ని ముందుగానే నివారించాలి.

సమూహాలనే ఎందుకు మార్చాలి?

విడి ప్రశ్నలన్నింటినీ కలగాపులగం చేస్తే రైతు ఆలోచన నీటి నుండి రుణానికి, రుణం నుండి పురుగుకు గెంతుతుంది. సంభాషణ తెగిపోతుంది, అలసట ఇంకా పెరుగుతుంది. అందువల్ల ఒక అంశానికి చెందిన ప్రశ్నలను ఒకే సమూహంగా ఉంచి, లోపలి వరుసను చెదరనివ్వక, సమూహాల స్థానాలను మాత్రమే మార్చడం ఉత్తమం. ఇక్కడ మూడు నియమాలు పాటించాలి.

1. సాగుదారు సొంత రైతా, కౌలు రైతా, ఏ పంట వేశాడు అనే వడపోత ప్రశ్నలు మొదటి స్థిర సమూహంలో ఉండాలి. తరువాతి ప్రశ్నల షరతులు వీటిపై ఆధారపడతాయి.

2. ప్రాధాన్య క్రమం అడిగే ప్రశ్న, ఆదాయం వంటి సున్నితమైన ప్రశ్నలు చివరి స్థిర సమూహంలో ఉండాలి. ప్రాధాన్య ప్రశ్నలోని ఆరు ఐచ్ఛికాలను కూడా యాదృచ్ఛికంగా చూపాలి.

3. స్థానం మారే సమూహాలలో ‘పైన చెప్పినట్లు’, ‘ఇక చివరగా’ వంటి మాటలు ఉండరాదు. ఏ సమూహం ముందు వచ్చినా అర్థమయ్యేలా వాక్యాలు రాయాలి. ప్రశ్నల వరుస సంఖ్యలను తెరపై చూపకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో అమరిక

2003లో పీహెచ్‌పీ సర్వేయర్‌గా మొదలై 2007లో పేరు మార్చుకున్న లైమ్‌సర్వేలో ప్రతి సమూహానికీ యాదృచ్ఛిక వర్గం పేరు ఇచ్చే గడి ఉంటుంది. ఒకే పేరు ఇచ్చిన సమూహాలు తమలో తాము స్థానాలు మార్చుకుంటాయి. గడి ఖాళీగా వదిలిన సమూహాలు ఉన్నచోటే ఉంటాయి. పై ఆరింటికి ఒకే పేరు ఇచ్చి, మొదటి, చివరి సమూహాల గడులను ఖాళీగా వదిలితే సరిపోతుంది. గూగుల్ ఫామ్స్‌లో ప్రశ్నల వరుసను మార్చే సదుపాయం ఉన్నా అది విభాగాల స్థానాన్ని మార్చదు. నెట్ అందని గ్రామాలలో వాడే ఓడీకే, కోబో ఫారాలలో యాదృచ్ఛిక సంఖ్యను లెక్కించి, ఆ సంఖ్యను షరతుగా పెట్టి సమూహాలను చూపవలసి ఉంటుంది. ఆ సంఖ్యను ‘వన్స్’ అనే ఫంక్షన్‌లో ఇమడ్చకపోతే అది మధ్యలో మారిపోయే ప్రమాదం ఉంది.

సర్వే ఆరంభానికి ముందే నమూనా జవాబులు నింపి, ఏ రైతుకు ఏ క్రమం వచ్చిందో దత్తాంశంలో తెలుసుకోగలమా అని పరీక్షించాలి. క్రమం నమోదు కాకపోతే పక్షపాతం అందరిలోకీ చెదిరిపోతుంది గాని ఎంత ఉన్నదో కొలవడం సాధ్యం కాదు.

ఆరు క్రమాల పట్టిక

ఆరు సమూహాలను 720 విధాలుగా అమర్చవచ్చు. 120 మంది రైతులతో అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం. ఇందుకు లాటిన్ స్క్వేర్ తోడ్పడుతుంది. 1949లో విలియమ్స్ సూచించిన రూపంలో ప్రతి సమూహం ప్రతి స్థానంలో ఒకసారి వస్తుంది. అంతేగాక ప్రతి సమూహం వెంటనే మిగిలిన ఐదింటిలో ప్రతి ఒక్కటీ ఒక్కొక్కసారి వస్తుంది.

క్రమం 1: అ ఆ ఊ ఇ ఉ ఈ
క్రమం 2: ఆ ఇ అ ఈ ఊ ఉ
క్రమం 3: ఇ ఈ ఆ ఉ అ ఊ
క్రమం 4: ఈ ఉ ఇ ఊ ఆ అ
క్రమం 5: ఉ ఊ ఈ అ ఇ ఆ
క్రమం 6: ఊ అ ఉ ఆ ఈ ఇ

సర్వేకు ఆరు ప్రతులు చేసి, ఒక్కొక్క క్రమానికి ఒక్కొక్క లింకు ఇవ్వాలి. అప్పుడు లింకు సంఖ్యే క్రమానికి రుజువు అవుతుంది. గ్రామాన్ని బ్లాకుగా భావించి, అందులోని 12 మందికి ప్రతి క్రమాన్నీ ఇద్దరికి చొప్పున చీటీల ద్వారా కేటాయించాలి. మండలం మొత్తంలో ఒక్కొక్క క్రమం 20 మందికి చేరుతుంది. సర్వే చేసే ప్రతి విద్యార్థి చేతికీ ఆరు క్రమాలూ రావాలి. లేనిచో విద్యార్థి ప్రభావం, క్రమం ప్రభావం కలిసిపోతాయి.

విశ్లేషణ

ప్రతి సమూహం 60 మందికి మొదటి మూడు స్థానాలలో, 60 మందికి చివరి మూడు స్థానాలలో వస్తుంది. ఈ రెండు భాగాలలో సగటు మార్కులను, ‘తెలియదు’ అన్న జవాబుల శాతాన్ని పోల్చాలి. గారెట్ ర్యాంకులను ప్రాధాన్య ప్రశ్నకు ముందు వచ్చిన చివరి సమూహం వారీగా విడదీసి లెక్కించాలి. చివర ఏది వచ్చినా పై రెండు ర్యాంకులు నిలిస్తే వాటిపై నమ్మకం బలపడుతుంది. చివరి సమూహంతో పాటే ర్యాంకు మారుతూ ఉంటే ఆ సంగతిని నివేదికలో స్పష్టంగా పేర్కొనాలి. అయితే 20 మంది చొప్పున పోల్చినప్పుడు పెద్ద వ్యత్యాసాలే బయటపడతాయి. వ్యత్యాసం కనబడనంత మాత్రాన ప్రభావం లేదని తీర్మానించరాదు.

ముగింపు

యాదృచ్ఛిక క్రమం చెడ్డ ప్రశ్నను మంచి ప్రశ్నగా మార్చదు. ప్రశ్నావళి నిడివి తగ్గించడానికి, గ్రామంలో ముందస్తు పరీక్ష జరపడానికి అది ప్రత్యామ్నాయం కాదు. రైతు చెప్పిన మాటను పేజీ క్రమం చెప్పించిన మాట నుండి వేరు చేయడానికి మాత్రం ఇది తక్కువ శ్రమతో కూడిన మార్గం. మడుల కేటాయింపు పట్టిక లేని క్షేత్ర ప్రయోగాన్ని పరీక్షకులు అంగీకరించరు. స్నాతకోత్తర విద్యార్థుల సర్వే ప్రణాళికలలోనూ ప్రశ్నా సమూహాల క్రమ పట్టికను జతచేయడం ఆచారం కావాలి.