సముద్రపు వింత ప్రాణులు నేర్పు పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 1:20–23, లేవీయకాండము 11:9–12, కీర్తన 104:24–26, అపొస్తలుల కార్యములు 10:1–35.



మన గూడూరునుండి తూర్పుగా కోట, వాకాడు దాటి పోయినయెడల తూపిలిపాళెమునొద్ద సముద్రము కనబడును. జాలరుల వలలో మంచి చేపలతోపాటు అప్పుడప్పుడు ఎముకయు పొలుసును లేని మెత్తని ప్రాణులు పడును. వాటిని చూచి పిల్లలు భయపడుదురు, పెద్దలు అసహ్యించుకొందురు. ఈ మాసము వాటినిగూర్చి ధ్యానింతము.

1. సృష్టికర్త జ్ఞానము

ఆక్టోపసు అను ప్రాణికి చేతులు ఎనిమిది, గుండెలు మూడు. మన రక్తములో ఇనుమున్నట్లు దాని రక్తములో రాగి యున్నది. అందుచేత అది నీలముగా నుండును. ఎముక లేదు గనుక ఇరుకైన రాతిసందులోనికిని దూరగలదు. దాని నాడీకణములలో సుమారు మూడింట రెండు వంతులు చేతులలోనే యున్నవి. ఆ చేతులతోనే తడవి రుచి తెలిసికొనును. రాతిమీద రాతిరంగును, ఇసుకమీద ఇసుకరంగును ధరించును. శత్రువు వచ్చినయెడల సిరావంటి నల్లని ద్రవము చిమ్మి ఆ మరుగున తప్పించుకొనును. ఇండోనేషియా సముద్రములో కొన్ని ఆక్టోపసులు మనుష్యులు పారవేసిన కొబ్బరిచిప్పలను మోసికొనిపోయి ఇల్లుగా అమర్చుకొనుచున్నవని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మూలికల అంగళ్లలో సముద్రపు నురుగు అని అమ్ము తెల్లని బిళ్లను మీరు చూచియుందురు. అది నురుగు కాదు. ఆక్టోపసు జాతికి చేరిన కటిల్‌ఫిష్ అను ప్రాణి లోపలి పెంకు. అందులో సన్నని అరలున్నవి. వాటిలోని నీటిని ఎక్కువ తక్కువ చేసికొని ఆ ప్రాణి పైకి తేలును, లోతునకు దిగును. ఈ విద్య దానికెవరు నేర్పిరి?

2. తల్లి ప్రేమ

ఆడ ఆక్టోపసు గ్రుడ్లు పెట్టిన తరువాత వాటిని విడిచిపోదు. వాటిమీద నీరు విసరుచు, మురికి తొలగించుచు, ఆహారము మాని కాచును. పిల్లలు బయలుదేరు కాలమునకు తాను క్షీణించి చనిపోవును. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున లోతైన సముద్రములో ఒక తల్లి 2007 మొదలు 2011 వరకు, అనగా 53 నెలలు, ఒకే రాతిమీద తన గ్రుడ్లను కాచుట శాస్త్రజ్ఞులు పలుమార్లు చూచిరి. మనము వికారమనిన దేహములో దేవుడు ఎంత ప్రేమ నుంచెను!

3. అసహ్యమను మాట

రెక్కలును పొలుసులును లేనివాటిని తినకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ కలిగెను. అది భోజనమునుగూర్చిన కట్టడ. అవి దేవుని చేతిపని కావని అందులో లేదు. అయిదవ దినమున జలములలోని సమస్తమును చూచి ఆయన మంచిదనెను. తరువాత పేతురునకు దర్శనమిచ్చి, ఏ మనుష్యుని నిషేధింపదగినవాడని యెంచకూడదని నేర్పెను. ఆ దర్శనము కలిగినప్పుడు పేతురు ఎవరియింట బసచేసెను? సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట.

సహోదరులారా, మన పితరులను ఊరివెలుపల నుంచి, బావి ముట్టనియ్యని దినములుండెను. సువార్త మనలను తలయెత్తించెను. అయితే నేడు పులికాట్ సరస్సులోను కాలువలలోను పీతలుపట్టి జీవించు యానాది కుటుంబము ఆరాధనకు వచ్చినయెడల, వారిని చాపమీద మన ప్రక్కను కూర్చుండబెట్టుకొనుచున్నామా, లేక వాకిటనే నిలువనిచ్చుచున్నామా? ప్రేమవిందులో ఈ పల్లెవారికొక పంక్తి, ఆ పల్లెవారికొక పంక్తి వేయుచున్నామా? మనము పొందిన బాధను మరియొకరికి పెట్టుట క్రీస్తు మార్గము కాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనము పనికిరానిదనుకొనిన దేనిలో దేవుని జ్ఞానము చూచితిమి?
2. మన సంఘములో వెనుక కూర్చుండువారెవరు? వారి ఇంట మనమెన్నడైన భోజనము చేసితిమా?

ప్రార్థన: సముద్రమును దానిలోని సమస్తమును కలుగజేసిన తండ్రీ, నీవు చేసినదానిని మేము తృణీకరింపకుండునట్లు మా కన్నులను, మా ఇండ్ల తలుపులను తెరువుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.