ఇసుకయు బండయు

చదువవలసిన భాగములు: మత్తయి 7:24–27, లూకా 6:47–49.

ఇద్దరు ఇల్లు కట్టిన ఉపమానము మన ఆదివారపు బడి పిల్లలకు సయితము కంఠతా వచ్చును. అయితే రెండవవాడు అంత తెలివితక్కువ పని ఎందుకు చేసెనని మనము అరుదుగా అడుగుదుము. ఏటి ఇసుకమీద పునాది వేయు మేస్త్రి మన చిత్తూరు సీమలో ఒక్కడైన కానరాడు గదా!

ఆ దేశపు నేలను ఎరిగినయెడల సంగతి తెలియును. యూదయ అరణ్యములోను, దక్షిణమున నెగెబులోను వాగులు ఏడాదిలో చాల నెలలు ఎండియుండును. వరద తెచ్చిన ఇసుకయు ఒండ్రును అడుగున పరచుకొని, పైపొర ఎండకు గట్టిపడి, చదునైన గచ్చువలె కనబడును. కొండవైపున రాయి తొలుచుట కష్టము; ఇక్కడ శ్రమ లేదు. చలికాలమున ఎగువ కొండలలో వాన కురిసెనా, కొన్ని గంటలలోనే ఆ వాగు నిండి పారును. లూకా సువార్తలో మొదటివాడు లోతుగా త్రవ్వెనని యున్నది గమనించుడి. అతని పాదముల క్రిందను మొదట మట్టియే. బండ అడుగున నుండెను.

పొడి ఇసుక రేణువులు ఒకదానినొకటి అంటుకొనవు, ఒరసికొని మాత్రమే నిలుచును. కావున ఇసుక కుప్ప సుమారు 34 డిగ్రీల వాలు మించినచో జారిపోవును. ఎడారి తిన్నెలన్నియు ఈ లెక్కకు లోబడినవే. గాలి కొట్టు వైపున వాలు తక్కువ, ఇసుక అణగియుండును, కాలు అంతగా దిగదు. ఆవలి వైపు నిటారు. అక్కడ ఇసుక వదులు, అడుగు వేయగానే చీలమండ మునుగును. ఒకే తిన్నె, ఒకే ఇసుక, బలము మాత్రము రెండు విధములు! దీనిని చూచుటకు అరేబియాకు పోనక్కరలేదు. అనంతపురము జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతమున, హగరి అని కూడ పిలువబడు వేదవతి ఏటి ఇసుకను గాలి లేపి పొలములమీద తిన్నెలుగా పోసినది.

తడి ఇసుక సంగతి వేరు. రేణువుల నడుమ పలుచని నీటి పొర వానిని పట్టుకొనును. పిల్లలు పాదముమీద కట్టు పిచ్చుకగూళ్లు నిలుచుట అందుచేతనే. నీరు మితిమీరినచో ఆ పట్టు విడిపోవును. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినపుడు తిరుచానూరు దగ్గర ఒడ్డున నున్న ఇల్లు కూలి ఏటిలో పడెను. క్రింది ఒడ్డును ఏరు కోసికొనిపోగా గోడ ఎంత గట్టిదైనను ఏమి లాభము?

ఇక బండ. తిరుమల కొండల రాయిని దగ్గరగా చూడుడి. అదియు ఒకప్పటి ఇసుకయే! 150 కోట్ల ఏండ్లకు పైబడిన కాలము క్రిందట పొరలుగా పేరుకొని, పైబరువుకు అణగి, సందులలో సిలికా అతుకుగా పట్టి, క్వార్ట్‌జైటుగా మారినది. శిలాతోరణము ఆ రాతిదే. ఘాటుదారిలో ఒకచోట, ఆ రాయి తనకంటె ఎంతో పురాతనమైన గ్రానైటుమీద కూర్చున్న గీత స్పష్టముగా కనబడును.

మన గ్రామ సంఘములకు ప్రార్థనా మందిరము నిమిత్తము చౌకగా దొరకు స్థలము తరచు వాగు ప్రక్కనిదో, చెరువు లోపలిదో యగును. అట్టి స్థలమును వేసవిలో చూచి బయానా ఇయ్యకుడి. కార్తీకమాసపు వానలు పడిన మరునాడు పోయి, నీరెక్కడ నిలుచునో చూడుడి. ఒక మూల గుంట త్రవ్వించి, గట్టి మొరము ఎన్ని అడుగుల లోతున తగులునో కొలిపించుడి. వాగు ఎంతవరకు వచ్చెనో ఆ ఊరి ముసలివారిని అడుగుడి. కొలబద్దకు తెలియనిది వారికి తెలిసియుండును.