సీలు పడువరకు

మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి, ఆస్పత్రిలో రక్తము తీయుట తప్ప తమకు వేరు దారి లేదని తలంచు యువతీయువకులకు, ఉద్యోగుల మాదకద్రవ్య, మద్యపాన పరీక్షలకై నమూనాలు సేకరించు వృత్తి యొకటి కలదని చెప్పుట అవసరము. మన దేశమున విమాన సిబ్బందికి శ్వాసపరీక్షలు జరుగుచున్నను, ఈ పని సాంగోపాంగముగ నిబంధనలకెక్కినది అమెరికాలో. 1991లో అచటి కాంగ్రెసు చేసిన శాసనము విమాన, రైల్వే, లారీ, బస్సు సిబ్బందికి ఈ పరీక్షలను నిర్బంధము చేసినది. అచట పనిచేయుటకు అనుమతి గల మనవారు దీనిని పరిశీలింపవచ్చును.

ఈ పనికి డిగ్రీ అక్కరలేదు. అచటి రవాణా శాఖ నిబంధనలు చదివి, శిక్షణ పొంది, పర్యవేక్షకుని యెదుట ఐదు మాదిరి సేకరణలను వరుసగా, దోషరహితముగా ముగింపవలయును. వానిలో రెండు సాఫీగా సాగును. ఒకదాన మూత్రము చాలదు, ఒకదాన ఉష్ణోగ్రత హద్దు తప్పును, ఒకదాన ఉద్యోగి సంతకమునకు నిరాకరించును. ఈ పాఠ్యక్రమము కూర్చినవారు మనుష్యస్వభావమును బాగుగనే ఎరిగినవారని నా అభిప్రాయము.

పరీక్షకు వచ్చినవాడు గుర్తింపు కార్డు చూపి, పైకోటు విడిచి, జేబులు ఖాళీచేసి, చేతులు కడుగుకొని లోనికి పోవును. నమూనాలో నీరు కలుపుటకు వీలులేకుండ మరుగుదొడ్డి తొట్టినీటికి ముందుగనే నీలిరంగు కలిపియుందురు. అతడు కనీసము 45 మిల్లీలీటర్లు తెచ్చియిచ్చిన పిమ్మట, నాలుగు నిమిషములలోపల పాత్రకు అంటించిన పట్టీపై ఉష్ణోగ్రతను చదువవలయును. అది 32–38 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ లేనిచో, వెంటనే పరిశీలకుని కన్నులయెదుట మరల సేకరణ జరుగును. సరిగ నున్నచో ఒక సీసాలో 30, రెండవదానిలో 15 మిల్లీలీటర్లు పోసి, అతని సమక్షముననే సీలువేసి, సీలుపై అతనిచేత పొడి అక్షరములు వ్రాయింపవలయును. మొదటి సీసా దోషము చూపినచో, రెండవదానిని వేరొక లేబరేటరీలో పరీక్షింపుడని కోరు హక్కు అతనికి కలదు. కావున సీలు పడువరకు సీసాలు ఇరువురి దృష్టినుండియు తొలగరాదు.

ఓర్పు నిజముగ కావలసినది మూత్రము రానివారి యెడల. మూడు గంటల వ్యవధిలో 40 ఔన్సులకు మించకుండ ద్రవము నిచ్చి వేచియుండవలెను. ఆ మూడు గంటలు ఎదుటివానిని నేరస్థునివలె చూచువాడు ఈ పనికి తగడు. అసహాయుడై సిగ్గుపడుచున్న మనుష్యునికి మరొక గ్లాసు నీరు గౌరవముతో అందించుట సామాన్యమైన విద్య కాదు. సేకరించువాడు సేకరణ పత్రముపై తన పేరు వ్రాయుటయు, సంతకము చేయుటయు రెండును మరచినచో పరీక్షయే రద్దగును. ఆ పొరపాటు చేసినవాడు 30 దినములలోపల దిద్దుబాటు శిక్షణ పొందవలయును.

శ్వాసపరీక్షకు శిక్షణ వేరు. అందు తొలి ఫలితము 0.02 చేరినచో, నోట నిలిచిన మద్యము పోవుటకై 15 నిమిషములు ఆగి మరల పరీక్షింతురు. ప్రమాదము జరిగిన లారీ డ్రైవరుకు మద్యపరీక్ష 8 గంటలలోపల, మాదకద్రవ్య పరీక్ష 32 గంటలలోపల జరుగవలెను గనుక, ఈ పనికి అర్ధరాత్రి పిలుపులు తప్పవు. అట్టి వేళ లేచిపోలేనివారు పగటి క్లినిక్కులలోని కొలువు చూచుకొనుట మేలు.