కణంలో కొవ్వు గుమ్మి

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోతే అడవి కనిపిస్తుంది. ఆ అడవిలో ఇప్ప చెట్లు ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో ఇప్ప పువ్వు రాలుతుంది. తర్వాత కాయ కాస్తుంది. కాయలోని గింజను గానుగ ఆడిస్తే నూనె వస్తుంది. కోయవారు ఆ నూనెను కూరలో వాడతారు. దీపం పెడతారు. చలికి అది నెయ్యిలా పేరుకుంటుంది.

గింజలో ఈ నూనె ఎక్కడ దాగి ఉంది?

గింజ అంతా చిన్న చిన్న గదులతో తయారైంది. ఆ గదినే కణం అంటారు. కణం కంటికి కనపడదు. ఒక్కో కణంలో నూనె బొట్లు బొట్లుగా ఉంటుంది. ప్రతి బొట్టు చుట్టూ పలచని పొర ఉంటుంది. అందుకే బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోవు. మొలక నేలలో పాతుకొని ఆకు వేసేదాకా దానికి తిండి కావాలి కదా! ఆ తిండే ఈ నూనె.

మన ఒంట్లోని కణాల్లో కూడా ఇలాంటి కొవ్వు బొట్లు ఉంటాయి. ఇవి మనకు గుమ్మి లాంటివి. పంట వచ్చినప్పుడు గుమ్మిలో ధాన్యం పోస్తాం. లేనప్పుడు తీసుకుంటాం. కణం కూడా అంతే. తిండి లేని పూట ఆ కొవ్వును కరిగించి శక్తి తీసుకుంటుంది. కొవ్వు విడిగా తిరిగితే కణానికి చేటు. బొట్టులో మూసి ఉంచితే మేలు. కాబట్టి కొవ్వు బొట్టు మనకు శత్రువు కాదు.

మరి గుమ్మి పొర్లితే?

పక్కటెముకల కింద, కుడివైపున కాలేయం ఉంది. దాన్నే లివర్ అంటాం. అందులో నూటికి 5 కణాల కన్నా ఎక్కువ వాటిలో కొవ్వు బొట్లు చేరితే కాలేయానికి కొవ్వు పట్టినట్టే.

దీనికి ఒక పెద్ద కారణం తాగుడు. సారా కడుపులో పడగానే కాలేయం ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. కొవ్వును కరిగించే పని వెనకబడుతుంది. కొత్త కొవ్వు కూడా తయారవుతుంది. ఇప్ప సారా అయినా, గుడుంబా అయినా, దుకాణంలో సీసా అయినా కాలేయానికి ఒకటే. పండుగకు ఇప్ప సారా ఆచారం. ఆచారం వేరు, రోజూ తాగడం వేరు.

తాగనివారికీ ఈ జబ్బు రావచ్చు. ఒళ్లు బాగా పెరిగినవారికి, చక్కెర జబ్బు ఉన్నవారికి వస్తుంది. పప్పు, గుడ్డు లేక ఉత్త గంజితో పెరిగే పసిపిల్లలకూ వస్తుంది. కాలేయం నుంచి కొవ్వును బయటికి మోసే బండ్లు మాంసకృత్తులతోనే తయారవుతాయి. అవి లేకపోతే కొవ్వు అక్కడే ఉండిపోతుంది. అంటే అతి వల్లా జబ్బే, లేమి వల్లా జబ్బే!

మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. తర్వాత కాలేయం వాస్తుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే గట్టిపడుతుంది. కళ్లు పచ్చబడతాయి. పొట్టలో నీరు చేరుతుంది. రక్తపు వాంతులు కావచ్చు. అప్పుడు పాత స్థితికి రావడం కష్టం.

కానీ మొదటి దశలో తాగుడు మానితే కొన్ని వారాల్లోనే కొవ్వు బొట్లు తగ్గిపోతాయి. కాలేయం మళ్లీ కోలుకుంటుంది. అయితే రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. కాబట్టి డాక్టరుకు చెప్పి మానాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రాత్రి బడిలో చదువుకున్నారు. సారాపై పోరాడారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. చదువు ఇంటిని కాపాడుతుందని వారు చూపించారు.

ఆలోచించండి, రాయండి
1. కణంలో కొవ్వు బొట్టు ఎందుకు ఉంటుంది?
2. తాగుడు వల్ల కాలేయంలో కొవ్వు ఎందుకు పెరుగుతుంది?
3. మీ ఇంట్లో పిల్లలు ఈ వారం పప్పు, గుడ్డు ఎన్నిసార్లు తిన్నారు?