పాత కారు: ఓర్చుకోదగిన లోపాలు, ఓర్చుకోరానివి



మనలో అనేక కుటుంబాలకు ఉన్నది పాత కారే. మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి నేడు రోడ్డు మీద కనిపించే ఆ కార్లన్నీ పదేళ్లు దాటినవే. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు ఉన్నదానితోనే కాలం గడపడంలో తప్పేమీ లేదు. అయితే అందుకు కొంత మెలకువ కావాలి.

పాత కారులో చాలా లోపాలు మెల్లగా వస్తాయి. బ్రేకు నిన్నటి కంటె కాస్త లోతుకు దిగితే, కాలు తనంతట తానే ఇంకాస్త నొక్కుతుంది. రోజూ నడిపేవారికి అది లోపమనే తోచదు. పాత కారులో అసలు ప్రమాదం ఈ అలవాటే. అందుచేత లోపాలను మూడు విధాలుగా వేరుచేసి చూద్దాం.

1. ఓర్చుకోదగినవి

రంగు వెలిసిపోవడం, రేడియో మూగబోవడం, గడియారం ఆగిపోవడం, సీటు చిరిగిపోవడం - వీటివల్ల ప్రాణహాని లేదు. డబ్బు చేతికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. కాని లోపలినుండి తెరుచుకోని తలుపును ఈ జాబితాలో చేర్చకండి. ఆపద వేళ పిల్లలు బయటపడవలసిన దారి అదే.

2. హెచ్చరికగా తీసుకోవలసినవి

కరెంటుకు సంబంధించిన లోపాలు ఎక్కువగా ఈ కోవలోవే. తాళం తిప్పగానే వెలిగే ఎర్రని బ్యాటరీ దీపం ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే బ్యాటరీ ఛార్జి కావడం లేదన్నమాట. బెల్టు తెగి ఉండవచ్చు, ఆల్టర్నేటర్ చెడి ఉండవచ్చు. మెకానిక్ మీటరు పెట్టి చూస్తే, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపాలి. 12 దగ్గరే ఉండిపోతే కొత్త బ్యాటరీ కొన్నా ప్రయోజనం ఉండదు. కొద్ది రోజుల్లో అదీ పడుకుంటుంది.

బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటరు మసకబారడం, హెడ్‌లైట్లలో ఒకటి మాత్రమే డిమ్ముగా వెలగడం వంటివి చాలాసార్లు తుప్పుపట్టిన ఎర్త్ వైరు పని. దాని కొసను శుభ్రంగా గీకి బిగిస్తే సరిపోతుంది.

ఫ్యూజు విషయంలో మాత్రం సాహసం వద్దు. 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి పోతున్నదంటే ఎక్కడో వైరు ఒరుసుకుంటున్నదనో, ఏదో భాగం ఎక్కువ కరెంటు లాగుతున్నదనో అర్థం. దాని స్థానంలో 20 ఆంపియర్లది వేసినా, రాగి తీగ చుట్టినా, ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. కారుకు నిప్పంటుకోవడానికి అదొక మార్గం.

3. ఒక్కరోజు కూడా ఓర్చుకోరానివి

బ్రేకు: కాలు నొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతున్నా, మెత్తగా స్పాంజిలా తోచినా కారును ఆపివేయాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగి, బ్రేకు పట్టకుండా చేయగలదు. రెండేళ్లకొకసారి దానిని మార్పించడం మంచిది.

టైర్లు: గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదు. గాడి ఉన్నా పక్కల పగుళ్లు కనబడితే ఆ టైరును నమ్మరాదు.

వేడి: ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే పక్కకు తీసి ఇంజను ఆపండి. చల్లారేవరకు రేడియేటరు మూతను తాకవద్దు. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

వాసన: పెట్రోలు వాసనను ఎన్నడూ ఉపేక్షించరాదు. సైలెన్సరు గొట్టానికి చిల్లు పడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరవచ్చు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ప్రయాణంలో అందరికీ తలనొప్పి, మగత వస్తుంటే ఎండదెబ్బ అని సరిపెట్టుకోకుండా, వెంటనే కారు ఆపి బయటికి దిగండి.

ఇంటిల్లిపాదికీ తెలియాలి

ఒక్కరికే తెలిసిన లోపం మరింత అపాయకరం. తండ్రి "రెండుసార్లు నొక్కితే బ్రేకు పడుతుందిలే" అని సర్దుకుపోతాడు. ఆ సంగతి తెలియని కుమారుడు రాత్రివేళ అదే కారు తీసుకుని బయలుదేరుతాడు. కాబట్టి కారులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచండి. ఎవరు ఏ లోపాన్ని గమనించినా, తేదీ వేసి అందులో వ్రాయాలి. అది మెకానిక్‌కు కూడా ఎంతో సాయపడుతుంది.

ఇంట్లో చర్చించుకొనుటకు

1. మన కారులో "ఎప్పుడూ ఇంతే" అని వదిలేసిన లోపాలు ఏవి?
2. వాటిలో మూడవ విభాగానికి చెందినవి ఏమైనా ఉన్నాయా?
3. కారు నడిపే ప్రతి ఒక్కరికీ అవి తెలుసా?