ఒత్తిడి వేళ నిర్ణయము

ప్రశ్న: అప్పులవారు నిలదీయుచున్నారు. పొలము వెంటనే అమ్మివేయుదునా, ఆగుదునా అని రాత్రులు నిద్రపట్టుట లేదు. నిర్ణయమెట్లు చేయవలెను? (ఒక రైతు)

జవాబు: అయ్యా, మీ వేదన సహజమైనది. భయము మనస్సునావరించినపుడు "ఇప్పుడమ్మకున్న సర్వనాశనమే" యను తలంపు, పరీక్షింపబడకయే, నిశ్చితసత్యము వలె తోచును. 1960వ దశకమున అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ తమంత తాముగా పుట్టు ఇట్టి తలంపులను విచారణకు నిలుపు పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతి ననుసరించి మీ తలంపును కాగితముపై యథాతథముగా వ్రాసి, నూటికెంతవంతు నమ్ముచున్నారో అంకె వేసి, దానిని బలపరచు ఆధారములను, అనగా నోటు గడువును, అసలును, వడ్డీని ఒకవైపునను, గడువడుగు వీలు, కొంత భాగమే యమ్ముట, బ్యాంకు ఋణము మొదలగు వానిని మఱొకవైపునను చేర్చుడు. "ఊరు నవ్వును" అనునది ఊహ. దానికి ఆ పట్టికలో చోటీయరాదు. ఇదే స్థితి మీ తమ్మునికి వచ్చిన నేమి చెప్పుదురో వ్రాసి, అంకెను మరల వేయుడు. అది తగ్గకున్న అమ్మకమే యుక్తము కావచ్చును. ఈ పద్ధతి వడ్డీని తగ్గింపదు. చూపును మాత్రము తేటపఱచును. నిద్రలేని రాత్రి మరునాడు సంతకము చేయకుడు. బ్రతుకుపై విరక్తి కలిగినచో క్షణమైన నాగక మానసిక సహాయ కేంద్రమగు టెలిమానస్ 14416కు ఫోను చేయుడు. అది ఉచితము, తెలుగున మాట్లాడుదురు.