వేట తుపాకీకి ఎంత బోరు కావాలి?

అమీన్‌పూర్‌లో కొత్త ఇల్లు కట్టేవారు బోరు వేయించడం మీరు చూసే ఉంటారు. "ఎంత బోరు?" అని అడిగితే "ఆరున్నర అంగుళాలు" అంటారు. అది లోతు కాదు, రంధ్రపు వ్యాసం. లోతును అడుగుల్లో వేరుగా చెబుతారు. తుపాకీ విషయంలోనూ బోరు అంటే ఇదే. గొట్టం లోపలి రంధ్రపు వ్యాసమే బోరు. దానికి ఇంకో పేరు క్యాలిబర్. మీ ప్రయోగశాలలోని వెర్నియర్ క్యాలిపర్స్ ఉంది కదా, ఆ 'క్యాలిపర్', ఈ 'క్యాలిబర్' ఒకే మాట నుంచి పుట్టినవి.

క్యాలిబర్‌ను కొందరు మిల్లీమీటర్లలోనూ, కొందరు అంగుళాల్లోనూ చెబుతారు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచిన ఎయిర్ రైఫిల్ బోరు 4.5 మి.మీ. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే 'సారథ్' యుద్ధ శకటం మీద ఉండే ఫిరంగి బోరు 30 మి.మీ. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటాయి పెద్ద జంతువుల వేటకు వాడిన రైఫిళ్ళు. 0.375 అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 375 భాగాలన్నమాట. 25.4తో గుణించి చూడండి, సుమారు 9.5 మి.మీ. వస్తుంది.

హైదరాబాద్ రాజ్యాన్ని 1911 వరకు ఏలిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు పేరుపొందినవాడు. ఆ వేటల ఫొటోలను రాజా దీన్ దయాళ్ తీశాడు. ఆ కాలపు వేటగాడొకడు కొత్త రైఫిల్ కొనాలనుకున్నాడనుకుందాం. దుకాణదారు అతని ముందు మూడు రైఫిళ్ళు పెట్టాడు. ఏది ఎంచుకోవాలి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో ఇలాంటి వేట నేరమే. అయినా ఈ లెక్క తెలుసుకోవాలి. ఎందుకో చివర తెలుస్తుంది.

మొదటి రైఫిల్ 7 మి.మీ.ది. దాని గుండు బరువు 11.2 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 700 మీటర్లు. రెండోది 1912లో ఇంగ్లండులో వచ్చిన 0.375 మాగ్నం. గుండు 19.4 గ్రాములు, వేగం 770 మీటర్లు. మూడోది ఏనుగుల వేటకని చేసిన 0.577. గుండు 48.6 గ్రాములు, వేగం 625 మీటర్లు. గతిజ శక్తి సూత్రం మీకు తెలిసిందే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి. గ్రాములను కిలోగ్రాములుగా మార్చడం మరచిపోకండి. వరుసగా 2,740, 5,750, 9,490 జౌళ్ళు వస్తాయి. మూడోది మొదటిదానికి మూడున్నర రెట్లు. "ఇంకేం, మూడోదే కొనాలి!" అని తరగతిలో వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు తప్పక అంటారు.

తొందరపడకండి. గుండు జంతువు శరీరంలోకి ఎంత లోతు దిగుతుందన్నది మొత్తం శక్తిని బట్టి ఉండదు. దీన్ని తుపాకీ లేకుండానే పరీక్షించవచ్చు. మన చుట్టూ అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కాబట్టి ఇనుప సలాకల ముక్కలకు కొదవ లేదు. 8 మి.మీ. సలాక ఒకటి, 12 మి.మీ. సలాక ఒకటి, రెండూ పది సెంటీమీటర్ల పొడవున, చివరలు చదునుగా కోయించి తెచ్చుకోండి. మొదటిది సుమారు 40 గ్రాములు, రెండోది సుమారు 89 గ్రాములు తూగుతుంది. ఒక బకెట్టులో మెత్తని తడిబంకమట్టి నింపండి. దాని మీద మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా పట్టుకొని, సలాకలను ఒకదాని తర్వాత ఒకటి గొట్టంలోంచి జారవిడవండి. (చెప్పులు వేసుకోండి. సలాక కాలి మీద పడితే ప్రయోగం అక్కడితో ఆగిపోతుంది.) లోతును స్కేలుతో కొలవండి.

లావు సలాక బరువు రెండు రెట్లకు పైనే. కాని దిగిన లోతులో అంత తేడా కనిపించదు. ఎందుకు? లావు సలాకకు శక్తి ఎక్కువే కాని, అది తోసుకుపోవలసిన మట్టి కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ. మట్టి నిరోధం సలాక కొన వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. ఇప్పుడు 8 మి.మీ. సలాకనే ఇరవై సెంటీమీటర్ల పొడవున తీసుకొని వదలండి. కొన అంతే, బరువు రెట్టింపు. అది స్పష్టంగా ఎక్కువ లోతుకు పోతుంది. కాబట్టి చూడవలసింది బరువూ కాదు, వ్యాసమూ కాదు. కొన మీది ప్రతి చదరపు సెంటీమీటరు వెనుక ఎన్ని గ్రాముల ద్రవ్యరాశి ఉంది అన్నది.

ఇదే లెక్క మన మూడు గుండ్లకు వేద్దాం. వాటి అసలు వ్యాసాలు వరుసగా 7.2, 9.5, 14.9 మి.మీ. (పేరులోని అంకెకూ గుండు వ్యాసానికీ కొంచెం తేడా ఉంటుంది. రైఫిల్ గొట్టం లోపల గుండును తిప్పడానికి మెలికలుగా గాడులు చెక్కుతారు. గాడులలోపలి నుంచి కొలిస్తే ఒక అంకె, గాడుల మధ్య గట్లపై నుంచి కొలిస్తే ఇంకో అంకె.) అడ్డుకోత వైశాల్యాలు 0.407, 0.709, 1.74 చదరపు సెంటీమీటర్లు. బరువును వైశాల్యంతో భాగించండి. 27.5, 27.4, 27.9! మూడూ దాదాపు ఒకటే. ఇప్పుడు శక్తిని కూడా వైశాల్యంతో భాగించండి. చదరపు సెంటీమీటరుకు 6,740, 8,110, 5,460 జౌళ్ళు. అన్నిటికన్నా పెద్ద తుపాకీకే అన్నిటికన్నా తక్కువ!

ఈ లెక్క కాగితం మీదిది మాత్రమే కాదు. వాల్టర్ బెల్ అనే స్కాట్లండు వేటగాడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, వాటిలో ఎక్కువ భాగం 7 మి.మీ. రైఫిల్‌తోనే. ఏనుగు పుర్రెను నిలువునా కోయించి మెదడు ఎక్కడుంటుందో ముందుగా చదువుకొన్నాడు. అన్ని ఏనుగులను చంపడం నాకేమీ ఘనకార్యంగా తోచదు గాని, అతని భౌతికశాస్త్రం మాత్రం సరైనదే. ఒక షరతు ఉంది. గుండు తగిలినప్పుడు ఆకారం మారకుండా ఉండాలి. అందుకే బెల్ పూర్తిగా గట్టి లోహపు తొడుగున్న గుండ్లు వాడాడు. పులివేటకు వాడే మెత్తటి కొన గుండు తగలగానే పుట్టగొడుగులా విప్పుకుంటుంది. అప్పుడు వైశాల్యం పెరిగి, లోతు తగ్గి, గాయం వెడల్పవుతుంది.

మరి లావు గుండు వల్ల లాభమేమిటి? గాయం వెడల్పు, దెబ్బ తాకిడి ఎక్కువ. దానికి చెల్లించే మూల్యం భుజం మీద పడుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతే తుపాకీ వెనక్కు అంత ద్రవ్యవేగంతో వస్తుంది. 7 మి.మీ. గుండుది 7.8 కి.గ్రా.మీ./సె. తుపాకీ మూడున్నర కిలోలైతే వెనక్కు తన్నే వేగం సెకనుకు 2.2 మీటర్లు. 0.577 గుండుది 30.4. తుపాకీని ఆరు కిలోలు చేసినా వేగం 5 మీటర్లు దాటుతుంది. తూటా మందు వాయువులను కూడా లెక్కలోకి తీసుకొంటే ఇంకా ఎక్కువ. రెండుసార్లు ఆ తన్ను తిన్నవాడు మూడోసారి మీట నొక్కేముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం ముడుచుకుంటాడు. గురి తప్పుతుంది. జంతువు చావదు, గాయపడుతుంది.

గాయపడిన జంతువు సంగతి తేలికగా తీసుకోకండి. 1907లో కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి అప్పటికి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని ఆయన రాశాడు. దాని నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోర సగానికి, కిందికోర మొదలంటా విరిగి ఉన్నాయి. అది పాత తుపాకీ దెబ్బ. ఎవరో కాల్చారు, సరిగా తగలలేదు. అడవి జంతువులను వేటాడలేక అది మనుషుల మీద పడింది. ఆ వేటకు మెచ్చి ప్రభుత్వంవారు కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ ఏదనుకున్నారు? 0.275, అనగా మన 7 మి.మీ.దే.

క్యాలిబర్‌ను ఎప్పుడూ శాస్త్రమే నిర్ణయించలేదు. సైన్యపు తూటాలు తిరుగుబాటుదారులకు దొరుకుతాయన్న భయంతో బ్రిటిషువారు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో 0.450 రైఫిళ్ళను ఇండియాలోకి రానివ్వకుండా నిషేధించారు. లండను తుపాకీ కంపెనీలు వెంటనే 0.465, 0.470, 0.475 అంటూ కొత్త అంకెలు సృష్టించాయి. సైన్యం వాడే 0.303 పౌరులకు అందదు కాబట్టి ఇషాపూర్ కర్మాగారం 0.315 వేట రైఫిల్ తయారుచేసింది. ఈ అంకెల్లో సగం చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టినవే.

ఇప్పుడు మన ఊరి దగ్గరకు వద్దాం. 2022 డిసెంబరులో జిన్నారం మండలం గడ్డపోతారంలో ఒక మందుల కర్మాగారంలోకి చిరుత దూరింది. లోపల కార్మికులు, చుట్టూ జనం. అటవీశాఖవారు, జూపార్కు వైద్యులు గంటల తరబడి ప్రయత్నించి, మత్తు ఇంజక్షన్ ఇచ్చి, దాన్ని ప్రాణాలతో పట్టుకొన్నారు. ఇంజక్షన్ చేత్తో ఇవ్వలేరు గదా! దానికి వేరే తుపాకీ ఉంది. వాడుకలో ఉన్న మత్తు తుపాకుల బోరు 11 మి.మీ., 13 మి.మీ. అంటే పెద్ద వేట రైఫిళ్ళ వరుసలోనిదే. కాని దాని పని వాటికి పూర్తిగా తలకిందులు. వేటగాడు కోరింది లోతు. పశువైద్యుడు కోరేది సూది చర్మం దాటి కండలో ఆగడం, సిరంజి మాత్రం బయటే ఉండడం.

ఇక్కడ బోరును నిర్ణయించేది మందు పరిమాణం. సిరంజి లోపలి వ్యాసం ఒక సెంటీమీటరు అనుకోండి. మూడు మిల్లీలీటర్ల మందు పట్టాలంటే 3ను 0.785తో భాగించాలి. సుమారు 3.8 సెం.మీ. పొడవు కావాలి. బోరు సన్నమైతే సిరంజి పొడవై గాలిలో ఊగుతుంది. మందుతో కలిపి పది గ్రాములుండి, సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే సిరంజి శక్తి 18 జౌళ్ళు మాత్రమే. అదే వేగాన్ని రెట్టింపు చేస్తే శక్తి 72 జౌళ్ళవుతుంది. ఎముక విరగవచ్చు, సిరంజి మొత్తం శరీరంలోకి దూసుకుపోవచ్చు. వేగం మరీ తగ్గితే తగిలి కింద పడిపోతుంది. అందుకే ఈ తుపాకీలో తూటా మందుకు బదులు కొన్నిటిలో అదిమిన వాయువు వాడతారు. జంతువు ఎంత దూరంలో ఉందో చూసి మీటరుపై పీడనాన్ని సరిచేసుకొంటారు. తొడ కండకో భుజం కండకో గురిపెడతారు. మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో జనాన్ని దూరంగా ఉంచడమే కష్టమైన పని.

మీకొక లెక్క. పైన చెప్పిన పది గ్రాముల సిరంజి 60 మీటర్ల వేగంతో పోయినప్పుడు మూడు కిలోల మత్తు తుపాకీ ఎంత వేగంతో వెనక్కు తన్నుతుంది? లోపలి వ్యాసం 1.2 సెం.మీ. ఉన్న సిరంజిలో ఐదు మిల్లీలీటర్ల మందు ఎంత పొడవున నిలుస్తుంది?